వక్కాకు, మనసు: నమలడం వెనుక చరిత్ర

మనిషి దవడకూ మనసుకూ చుట్టరికమున్నదని శాస్త్రజ్ఞులు చెప్పకముందే మన భాష చెప్పింది. ఓర్వరాని బాధను ఓర్చుకొన్నవాడిని గురించి ‘పంటి బిగువున భరించాడు’ అంటాము. కోపం పట్టలేనివాడు పళ్ళు పటపట కొరుకుతాడు. పరీక్ష ఫలితాలకోసం ఎదురుచూసే విద్యార్థి గోళ్ళు కొరుక్కొంటాడు. అడిగినదానికి జవాబు తోచనివాడు ‘నీళ్ళు నములుతాడు’. నోట నమలదగిన వస్తువేదీ లేకపోయినా, మనసు ఇరుకున పడినప్పుడు నమిలే పని మాత్రం ఆగదన్నమాట!

ఈ చుట్టరికం నిజమైనదేనా? నమలడం వల్ల మనసులోని ఒత్తిడి తగ్గుతుందా? తగ్గితే, తగ్గించేది దవడ కదలికా, నమిలే వస్తువా? ఈ ప్రశ్నకు మన సీమలో దూరం పోకుండానే ఒక చక్కని ఉదాహరణ దొరుకుతుంది. గుంతకల్లు నుండి బెంగుళూరు పోయే రైలుదారిలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇప్పుడు ఈ మూడు ఊళ్ళూ చేరి ఉన్నవి. పెనుకొండ ఒకప్పుడు రాజధాని. ధర్మవరం పట్టుచీరల ఊరు. హిందూపురం బెల్లానికీ, చింతపండుకూ, మిరపకూ పేరుపొందిన వ్యాపారస్థలం. రాజసభ మర్యాదకైనా, కష్టజీవి విరామానికైనా ఇక్కడివారు ఆశ్రయించిన వస్తువు ఒక్కటే: వక్కాకు. తక్కిన ఆంధ్రదేశంలో దీనినే తాంబూలమనీ, విడెమనీ అంటారు.

రాయల సభలో

తమలపాకు, వక్క, సుగంధద్రవ్యాలు నోటిలో ఉంచుకొనే ఆచారం మన దేశంలో చాలా పాతది. చరకసంహితలో జాజికాయ, లవంగం, కర్పూరం, తమలపాకు, వక్క మొదలయినవి నోటి శుభ్రతకూ, రుచికీ, పరిమళానికీ చెప్పబడినవి. అయితే తాంబూలం వల్ల మనసులో కలిగే మార్పును గమనించి రాసిన విదేశీయులలో చెప్పుకోదగినవాడు అబ్దుర్ రజాక్.

ఇతడు హీరాత్ నగరం నుండి షారుఖ్ సుల్తాను పంపిన రాయబారి. క్రీ.శ. 1443లో విజయనగరానికి వచ్చి రెండవ దేవరాయలను దర్శించాడు. రాజదర్శనం ముగిసి వెళ్ళేటప్పుడు తనకు తాంబూలమూ, కర్పూరమూ, డబ్బుసంచీ ఇచ్చి పంపేవారని రాసుకొన్నాడు. ఆ ఆకును గురించి అతడు చెప్పిన మాటలు ఆసక్తికరమైనవి. అది ముఖానికి కాంతి ఇస్తుందట. మద్యంవలె కొంత మత్తు కలిగిస్తుందట. ఆకలిగొన్నవానికి ఆకలి అణచి, కడుపు నిండినవానికి ఆకలి పుట్టిస్తుందట. ఔషధశాస్త్రం పుట్టకముందు రాసిన మాటలయినా వీనిలో మంచి పరిశీలన ఉన్నది. ఒళ్ళు వేడెక్కడం, ముఖం ఎర్రబారడం, స్వల్పమైన కైపు — ఈ మూడూ ఇప్పుడు ప్రయోగశాలలో కొలిచి చూసిన సంగతులే.

ఒక శతాబ్దం గడవకముందే అదే రాజ్యంలో తాంబూలం సాహిత్యరచనకు సాధనమయింది. అల్లసాని పెద్దన చెప్పినట్లు ప్రసిద్ధమైన ఒక చాటువులో, కావ్యం రాయమంటే ఊరికే రాయడం కుదరదని చెప్పి, కవి తనకు కావలసినవి ఏకరువు పెడతాడు. సందడిలేని చోటు, మంచి భోజనం, ఊయలమంచం, రసజ్ఞులయిన వినేవారు — వీటితోపాటు కర్పూర తాంబూలమూ ఆ జాబితాలో ఉన్నది. దీనిని విలాసమని కొట్టివేయవచ్చు. కాని జాబితాను మరొకసారి చూస్తే, అందులో ఉన్నవన్నీ మనసు చెదరకుండా ఒకచోట నిలవడానికి పనికివచ్చేవే అని తెలుస్తుంది.

1565లో రాక్షసి తంగడి యుద్ధం జరిగింది. విజయనగరం పాడుపడగా, తిరుమల రాయలు రాజ్యాన్ని పెనుకొండకు తరలించాడు. పదహారో శతాబ్దం చివర రాజధాని చంద్రగిరికి మారేవరకు కొండ కిందనున్న ఈ ఊరే రాయల కొలువు. ఇప్పటికీ అక్కడ నిలిచి ఉన్న గగన్ మహల్ ఆ వైభవానికి గుర్తు. కొలువుతోపాటు కొలువు మర్యాదలు కూడా పెనుకొండకు వచ్చి ఉంటాయనుకోవడం సహజం. రాజుకు తాంబూలపు సంచి, అనగా అడపం, పట్టే పని ఆ రోజులలో నమ్మకస్థులకు మాత్రమే దక్కే ఉద్యోగం. నోటికి వెళ్ళే వస్తువు కదా, విషప్రయోగం జరగకుండా చూడాలి!

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆనాటి విడెంలో పొగాకు కలిసి ఉండే అవకాశం బహు తక్కువ. పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చింది. బిజాపూరు వెళ్ళిన అసద్ బేగ్ అనే ఉద్యోగి అక్కడ దానిని చూచి, 1604-05 ప్రాంతంలో అక్బరు చక్రవర్తికి వింతవస్తువుగా కొనిపోయి చూపాడు. కనుక పెనుకొండ కొలువు నాటి వక్కాకూ, ఇప్పుడు బజారులో పొగాకు చేర్చి ఇచ్చే వక్కాకూ ఒకటి కావు. పేరు అదే; సరుకు మారింది.

విడెంలో ఉన్నదేమిటి?

వక్కాకు ఒక చిన్న రసాయనశాల. ఆకులో ఘాటైన తైలాలున్నాయి. వక్కలో ఒగరు నిచ్చే పదార్థాలూ, వాటితో కొన్ని ఆల్కలాయిడులూ ఉన్నవి. వీనిలో ముఖ్యమయిన ఆరెకోలిన్‌ను 1888లో యాన్స్ అనే జర్మను రసాయనజ్ఞుడు వేరుచేశాడు. సున్నం చేసే పని నోరు ఎర్రగా పండించడం ఒక్కటే కాదు. అది నోటిలో క్షారగుణం పెంచి, ఆరెకోలిన్ నోటి పొరలగుండా తేలికగా రక్తంలోకి పోయేటట్లు చేస్తుంది. దానిలో కొంత భాగాన్ని ఆరెకైడిన్ అనే మరొక పదార్థంగా మారుస్తుంది కూడా. సున్నం లేకుండా వక్క నమిలితే ‘పట్టదు’ అని పెద్దలు అనడానికి కారణం ఇదే.

ఆరెకోలిన్ మన నరాలలో సహజంగా పుట్టే అసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని అనుకరిస్తుంది. ఆ పదార్థానికి ఏర్పడిన తాళాలలో ఇదీ తాళంచెవిలా దూరుతుంది. దానితో లాలాజలం ఊరుతుంది, చెమట పడుతుంది, మెదడు చురుకవుతుంది. ఇక ఆరెకైడిన్ సంగతి. మెదడును శాంతపరచే పదార్థాలలో గాబా అనేది ఒకటి. ఒక నాడీకణం విడిచిన గాబాను ఇతర కణాలు వెంటనే పీల్చుకొని దాని పని ముగిస్తాయి. వక్కలోని ఆరెకైడిన్, గువాసిన్ అనేవి ఈ పీల్చుకోవడాన్ని అడ్డగిస్తాయని 1975లో ప్రయోగశాల పరీక్షలలో తేలింది. తైవాన్ ద్వీపంలో వక్క నమిలేవారిని పరీక్షించినప్పుడు, నమలడం మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే గుండె వేగం పెరగడం, చర్మం వేడెక్కడం కనిపించాయి. అలవాటులేనివాడికి తల తిరగడం, గుండె దడదడలాడడం కూడా ఇందువల్లనే.

అంటే వక్క ఒకవైపు చురుకుదనం, మరొకవైపు నెమ్మది కలిగించే మందు వంటిది. అయితే నమిలేవారు పొందే నెమ్మది అంతా ఈ మందు మహిమేనా? మందు ఏమీ లేని వస్తువును నమిలి చూస్తేగాని తెలియదు.

ఉత్త నమలడం

అటువంటి వస్తువు అమెరికాలో సిద్ధంగా ఉన్నది. చికిల్ అనే చెట్టుపాలతో చేసిన జిగురును, అనగా చ్యూయింగ్‌గమ్‌ను, 1871 నుండి థామస్ ఆడమ్స్ అమ్మసాగాడు. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికుల భోజనపు పొట్లాలలో గమ్ కూడా పెట్టేవారు. ఆ యుద్ధం మొదలయిన సంవత్సరమే, 1939లో, కొలంబియా విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్రజ్ఞుడు హాలింగ్‌వర్త్ నమలడాన్ని గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. నమిలేటప్పుడు శరీరంలోని తక్కిన కండరాల బిగువు కొంత సడలుతుందని ఆయన ప్రయోగాల సారాంశం. లోపలి ఉద్రిక్తత కాలు ఊపడంగానో, వేళ్ళు విరవడంగానో బయటపడుతుంది కదా. ఆ పని దవడ తీసుకొంటే మిగిలిన శరీరం ఊరుకొంటుందన్నమాట.

‘ఒత్తిడి’ అనే మాటకు శరీరశాస్త్రంలో అర్థం ఏర్పడింది కూడా ఆ దశకంలోనే. చలి, గాయం, విషం — కారణమేదయినా శరీరం ఒకే తీరున స్పందిస్తుందని 1936లో హాన్స్ సెల్యే ప్రకటించాడు. ఆ స్పందన మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌లో మొదలవుతుంది. అక్కడి నుండి పిట్యూటరీ గ్రంథికీ, దాని నుండి మూత్రపిండాలపైన ఉన్న అడ్రినల్ గ్రంథులకూ వార్త చేరుతుంది. అవి కార్టిసాల్ అనే హార్మోనును విడుస్తాయి. ఈ హార్మోను లాలాజలంలోనూ కనిపిస్తుంది గనుక, మనిషి ఎంత ఒత్తిడిలో ఉన్నాడో సూది గుచ్చకుండానే అంచనా వేయవచ్చు.

2009లో ఆస్ట్రేలియాలో 40 మందితో ఇటువంటి పరీక్ష జరిగింది. ఒకేసారి నాలుగు పనులు చేయవలసిన చిక్కును వారికి కల్పించారు. ఒకసారి గమ్ నములుతూ, మరొకసారి నమలకుండా ఆ పనులు చేయించారు. నమిలినప్పుడు ఆందోళన తక్కువగా ఉన్నదని వారు చెప్పారు. లాలాజలంలో కార్టిసాల్ కూడా తక్కువగా కనిపించింది. అయితే అదే సంవత్సరం బ్రిటన్‌లో మరొక పరీక్ష జరిగింది. అక్షరాలు తారుమారు చేసి, ఎంత ప్రయత్నించినా విడిపోని పొడుపులు ఇచ్చి మనుషులను విసిగించారు. ఆ విసుగును గమ్ ఏమాత్రం తగ్గించలేకపోయింది! ఈ రంగంలోని కొన్ని పరిశోధనలకు గమ్ తయారుచేసే కంపెనీలే ధనసహాయం చేశాయన్నదీ మరువరాదు. అందుచేత నమలడం ఒత్తిడికి సర్వరోగనివారిణి అనలేము. కొందరికి, కొన్ని సందర్భాలలో, కొద్ది ఉపశమనం — ఇంతవరకే చెప్పవచ్చు. చురుకుదనం పెరగడం మాత్రం తరచుగా కనిపించింది.

దవడ నుండి మెదడుకు

ఈ కొద్ది ఉపశమనానికి మార్గమేమిటి? నమలడం మనం మొదలుపెట్టేదే కాని, దాని తాళం మెదడుకాండంలో ఉన్నది. అక్కడి నాడీకణాల గుంపు సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్ల చొప్పున లయ తప్పకుండా దవడను ఆడిస్తుంది. పళ్ళనుండి, దవడ కండరాలనుండి బయలుదేరే సమాచారం అయిదవ కపాలనాడి ద్వారా ఎడతెగక మెదడుకు చేరుతుంటుంది.

ఈ లయకు ఒక విశేషమున్నది. మెదడుకాండంలోనే సెరటోనిన్ అనే పదార్థాన్ని విడిచే కణాలున్నాయి. మనోస్థితికీ దీనికీ సంబంధమున్నది. అమెరికాలో బారీ జేకబ్స్ బృందం పిల్లులలో ఈ కణాలను పరిశీలించి, నమలడం, నాకడం వంటి లయబద్ధమయిన కదలికల వేళ వీటిలో కొన్ని మరింత చురుకుగా పనిచేస్తాయని చూపింది. జంతువులపైనే చేసిన మరొక ప్రయోగం ఇంకా సూటి అయినది. 2004లో జపాన్ శాస్త్రజ్ఞులు ఎలుకలను కదలకుండా కట్టివేసి, కొన్నింటికి మాత్రం కొరకడానికి చెక్కపుల్ల అందించారు. పుల్ల కొరికిన ఎలుకల హైపోథాలమస్‌లో, ఒత్తిడి వార్తను మొదట పంపే పదార్థం తక్కువగా పుట్టింది. బంధనం రెండింటికీ ఒకటే. తేడా అంతా ఆ పుల్లలోనే. మనం పంటి బిగువున బాధ భరించడమంటే ఇదే కాబోలు!

ఎలుకకు చెల్లినది మనిషికీ అంతే చెల్లుతుందని వెంటనే తేల్చరాదు. అయినా తాంబూలపు నెమ్మదిలో కనీసం మూడు పాయలున్నట్లు దీనివల్ల స్పష్టమవుతుంది. మొదటిది దవడ లయ. రెండవది వక్కలోని మందు. మూడవది ఏ ప్రయోగశాలకూ తేలికగా దొరకనిది: పని ఆపి, నలుగురు కూర్చొని, ఆకుకు సున్నం రాసి, ఈనె తీసి, మాట్లాడుకొనే ఆ పదినిమిషాల విరామం. వెయ్యేళ్ళుగా ఈ మూడూ ఒకే చిలకలో చుట్టి ఉండడంచేత, ఉపకారమంతా వక్కదే అని మనం అనుకొంటున్నాము.

సుఖానికి వెల

ఆ పొరపాటుకు చెల్లిస్తున్న వెల చిన్నది కాదు. 1902లోనే మద్రాసులో నిబ్లాక్ అనే డాక్టరు నోటి పుండు వ్యాధికీ తాంబూలానికీ ఉన్న పొత్తును గురించి రాశాడు. అప్పుడు మన మూడు ఊళ్ళూ మద్రాసు రాజధానిలోనివే. 1933లో తిరువాన్కూరులోని వక్కాకు నమిలేవారి నోటి క్యాన్సర్‌ను గురించి ఓర్ అనే డాక్టరు విపులంగా ప్రకటించాడు. 1952లో తూర్పు ఆఫ్రికాలోని అయిదుగురు భారతీయ స్త్రీలలో ఒక వింతవ్యాధిని ష్వార్ట్జ్ వర్ణించాడు: నోటిలోపలి పొర గట్టిపడి, నోరు తెరుచుకోవడమే కష్టమవుతుంది. మరుసటి సంవత్సరం బొంబాయిలో జోషీ దీనినే వర్ణించి, ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు పెట్టాడు. దీనికి ముఖ్యకారణం వక్క అని తరువాత రుజువయింది. ఈ వ్యాధి క్యాన్సర్‌గా మారే ప్రమాదమూ ఉన్నది.

ఎంతోకాలం తప్పంతా పొగాకుదేననీ, ఉత్త వక్కాకు నిరపాయమనీ భావించారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కూడా 1985లో పొగాకు కలిసిన తాంబూలాన్నే క్యాన్సర్ కారకమని నిర్ణయించింది. 2004లో ప్రకటించిన సంపుటంలో మాత్రం పొగాకు లేని తాంబూలాన్నీ, వక్కనూ సైతం మొదటి తరగతి క్యాన్సర్ కారకాలలో చేర్చింది. 2022లో ప్రపంచంలో సుమారు 1,20,000 నోటి క్యాన్సర్లకు నమిలే పొగాకు, వక్క కారణమని ఆ సంస్థ అంచనా వేసింది. అనగా నూటికి 30కి పైగా. వీనిలో 83,000కు పైగా మన దేశంలోనివే.

పొగాకు చేర్చినప్పుడు మరొక మాయ నడుస్తుంది. నికోటిన్ రక్తంలో రెండుగంటలలో సగమవుతుంది. అది తగ్గేకొద్దీ చిరాకు, అశాంతి మొదలవుతాయి. మళ్ళీ ఒక చిటికెడు నోట వేసుకోగానే అవి తొలగిపోతాయి. ‘ఇది లేకపోతే మనసు నిలవదు’ అని ఆ మనిషి నమ్ముతాడు. నిజానికి ఆ అశాంతిని పుట్టించినదీ అదే, తాత్కాలికంగా తీర్చినదీ అదే. నిప్పు పెట్టినవాడే నీళ్ళకుండ పట్టుకొని వచ్చినట్లు!

మగ్గం దగ్గర, మండీ దగ్గర

ధర్మవరంలో మగ్గం ముందు రోజుల తరబడి ఒకే చీరపై చూపు నిలిపి కూర్చొనే నేతగానికీ, హిందూపురం మండీలో బస్తాలు మోసే హమాలీకీ, రాత్రంతా బండి తోలే డ్రైవరుకూ వక్కాకు ఎందుకు కావలసివస్తున్నదో ఇప్పుడు అర్థం చేసుకోవచ్చు. వారిది ఉత్త దురలవాటు కాదు. విసుగు, అలసట, అప్పుల చింత — వీనికి వారు కనుగొన్న చౌక మందు అది. అందులో కొంత ఉపశమనం నిజమైనది కూడా. దానిని గుర్తించకుండా ‘మానేయి’ అని గోడమీద రాసినంతమాత్రాన ఎవరూ మానరు. మడకశిర వైపు వక్కతోటలపై బ్రతికే రైతుల సంగతి కూడా ఇందులో ముడిపడి ఉన్నది.

కాని చరిత్ర, రసాయనశాస్త్రం కలిసి ఒక దారి చూపుతున్నవి. ఒకటిగా చుట్టిన చిలకను విప్పి, పాయలను వేరుచేయవచ్చు. లయ కావాలంటే దవడకు వక్కే అక్కరలేదు. వేయించిన శెనగలు, వేరుశెనగలు, సోంపు, ఒక లవంగం, ఏలకి, చక్కెరలేని గమ్ — ఏదయినా ఆ పని చేస్తుంది. మన రాగిసంగటిని నమలకుండా మింగుతాము కనుక, భోజనం తరువాత దవడ ఏదో ఒకటి కోరుకోవడంలో ఆశ్చర్యమూ లేదు. విరామం కావాలంటే దానికి సున్నపుకాయతో పని లేదు. నలుగురు కూర్చొనే అరుగు చాలు. వదలవలసినవి వక్క, పొగాకు రెండే. పొగాకు మానేటప్పుడు మొదటి వారాలలో వచ్చే చిరాకు వ్యాధి కాదు, అలవాటు వదులుతున్న గుర్తు. డాక్టరు సహాయంతో దానిని దాటవచ్చు.

ఇప్పటికే ఏళ్ళ తరబడి నమిలినవారు ఒక చిన్న పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. తమ చేతి మూడువేళ్ళు నిలువుగా చేర్చి నోటిలో పట్టునేమో చూడాలి. పట్టకపోయినా, కారం తగలగానే నోరు భగ్గుమన్నా, బుగ్గలోపల తెల్లని లేదా ఎర్రని మచ్చ కనిపించినా, రెండువారాలకు మానని పుండు ఉన్నా, ఆలస్యం చేయకుండా దంతవైద్యునికి చూపించాలి. మొదట్లో పట్టుకొంటే నోటి క్యాన్సర్‌కు చికిత్స బాగా పనిచేస్తుంది.

పెళ్ళికీ, పేరంటానికీ, దేవుని ముందరకూ తాంబూలం వస్తూనే ఉంటుంది. రావద్దని ఎవరూ అనరు. తాంబూలం పుచ్చుకోవడం మర్యాద. నమిలి తీరాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు.